ముడులు విప్పే పుల్ల

బెంచీకి ఎండ పడే కొసను ఎవరో ఖాళీగా వదిలేశారు. కావాలనే వదిలారో, తోచక వదిలారో ఆల్డెన్‌కు తెలియదు గాని, కూర్చోగానే మోకాళ్ళ మీదికి పాకిన ఆ అక్టోబరు ఎండను తనకు చేసిన మేలు కిందే జమ వేసుకున్నాడు. భార్య ఆర్డిస్ పోయిన ఈ ఏడాదిలో అతనికి పట్టుబడిన అలవాటు అది. పొద్దున బస్సు డ్రైవరు అడక్కుండానే చెయ్యందించడం, పక్కసీటులో కూర్చున్నావిడ కమలాపండు ఒలిచి సగం పెట్టడం, గాలివానకు రాలినవి రాలగా కొండ మీది మేపుల్ చెట్లు ఇంకా కొంచెం ఎరుపు మిగుల్చుకుని కనిపించడం, ఇలాంటి చిల్లర దయలను ఏరుకుంటూ పోతే ఎలాగో సాయంత్రమవుతుంది. కోటు జేబులో చెయ్యి పెట్టి పుల్లను తడిమి చూసుకున్నాడు. ఉంది. ఎదురుగా, ఒకప్పుడు ఆవులుండే ఈ పెద్ద కొట్టం నడుమ, పొడవాటి బల్ల వెనక ఏప్రన్ కట్టుకున్న మెర్ల్ అనే ఆయన ఎవరో తెచ్చిన ఇనుప సామానును వెలుతురుకేసి తిప్పి చూస్తున్నాడు. ఈ పాత పనిముట్ల మ్యూజియంలో ఏటా చలి ముదరకముందు ఒక రోజున ఆ బల్ల వేస్తారు. ఇంట్లో ఎవరికీ అంతుపట్టని పాత వస్తువు ఏదైనా తెచ్చి దాని మీద పెడితే అదేమిటో, ఏ పనికి వాడేవారో మెర్ల్ చెబుతాడు. ఆల్డెన్ ముందు ఇంకా కొందరున్నారు. తొందరేమీ లేదు. తొందర పడవలసిన రోజుల్లోనే పడలేదు.

“జేబులో కోడిపిల్ల గాని ఉందా ఏంటి, అస్తమానం తడుముకుంటున్నావ్?” అంది డోర్కస్, కాఫీ కప్పుతో వచ్చి పక్కన కూర్చుంటూ. కమలాపండు పెట్టింది ఈవిడే. మొన్న వసంతంలో అతని వీధికి కొత్తగా వచ్చింది, ఆర్డిస్‌ను ఎరగదు.

“పుల్ల.”

“పుల్ల కోసం ఇంత దూరం బస్సెక్కావా? అడిగితే మా పెరట్లోవి బండెడు ఇచ్చేదాన్నిగా.”

“ఇది మా ఆవిడది.”

డోర్కస్ అతని కాళ్ళ మీద పడుతున్న తన నీడను చూసుకుని, ఎండకు అడ్డం లేకుండా కాస్త వెనక్కి జరిగింది. అదీ జమ వేసుకున్నాడు.

వంటింట్లో స్టవ్వు పక్క రెండో సొరుగు. దారపుండలు, రబ్బరు బ్యాండ్లు, సగం కాలిన పుట్టినరోజు కొవ్వొత్తులు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు, వాటి మధ్య ఈ పుల్ల. జానెడు కూడా లేదు. ఒక కొన మొనదేలి, నడుమ రెండు బెజ్జాలు, బెజ్జాల్లో దూర్చిన తోలుపట్టీ ఎండి బిగుసుకుపోయి, చేతి జిడ్డుకు నల్లబడిన చెక్క ఏటి రాయిలా నునుపెక్కి ఉంటుంది. పార్సిలు తాడు ముడిపడినా, బూటు లేసు చిక్కుపడినా, క్రిస్మస్ దీపాల తీగ మెలిపడినా ఆర్డిస్ సొరుగు లాగి అది తీసేది. అటు తిరిగి నిలబడి, భుజాలు కాస్త ముందుకు వంచి, చిటికెలో ముడి విప్పి ఇచ్చేది. ఒకటి రెండుసార్లు అతనూ పట్టుకుని చూశాడు గాని చేతిలో కుదరలేదు, మొన తన వైపే తిరిగేది, దీని దుంప తెగ, నీ మాటే వింటుంది అని ఆమెకే ఇచ్చేశాడు. అదేమిటని అడగలేదు. ముడులు విప్పే పుల్ల, అంతే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ హైస్కూల్లో చరిత్ర చెప్పాడు, సముద్రం దాటి ఈ నేలకు వచ్చినవాళ్ళు ఓడల్లో ఏమేం తెచ్చుకున్నారో పిల్లల చేత వల్లె వేయించాడు, తన వంటింటి రెండో సొరుగులో ఏముందో మాత్రం అడగలేదు. ఎందుకడగలేదంటే కారణం లేదు. రేపూ ఆమె ఉంటుంది, పుల్లా ఉంటుంది, అలాంటప్పుడు ఇవాళే అడగడమెందుకు. నిజానికి అలా అనుకోవడం కూడా కాదు, అసలు ఏమీ అనుకోలేదు. ఇప్పుడు దారం కోసం ఆ సొరుగు లాగితే ఆ పుల్ల అతనికేసి చూస్తుంది, నా సంగతి నీకు తెలుసా అని. తెలియదు. ఇంత కాలం కలిసి బతికిన మనిషి రోజూ ముట్టుకున్న వస్తువు పేరు తెలియదు. పేరు తెలియని పుల్ల తన తరువాత ఎవరి చేతుల్లోంచో పొయ్యిలోకి పోతుంది. దానికో పేరు దొరికితే, ఆర్డిస్ గురించి ఎరగనిది ఒక్కటైనా ఎరిగినట్టవుతుందని, అంతకుమించిన ఆశ లేకుండానే, పాత టోపీ పెట్టుకుని బస్సెక్కాడు.

కొట్టం గోడల నిండా పిడులే. ఇనుము తుప్పు పట్టి సన్నబడిపోయింది గాని కొయ్య మాత్రం ఇంకా మెరుస్తోంది. కొయ్యను రెండు చేతులతో తన వైపు లాగుతూ చెక్కే కత్తి ఒకటి, దాని పిడిమీద బొటనవేలు ఆనీ ఆనీ చిన్న గుంట పడింది, అందులో వాననీటి చుక్క నిలుస్తుంది. పోయినవాళ్ళు పోతూ పోతూ చేతులు ఇక్కడ విడిచి వెళ్ళినట్టుంది. దూలాలు చదును చేసే వెడల్పాటి గొడ్డళ్ళు రెండు పక్కపక్కనే తగిలించారు. వాటి పిడులు తిన్నగా లేవు. దూలానికి రాసుకుని వేళ్ళ కణుపులు చెక్కుకుపోకుండా పిడిని పక్కకు వంచి బిగించేవారని కింద రాసి ఉంది. సరే, మొదటి గొడ్డలి పిడి ఒక పక్కకు వంగింది, రెండోది రెండో పక్కకు ఎందుకు వంగింది? తిరగేసి తగిలించి ఉంటారులే అనుకున్నాడు, అనుకుని అక్కడితో వదిలేశాడు. ఎండుగడ్డి వాసన వస్తోంది. ఆవులు పోయి ఎన్నేళ్ళయినా ఈ కొట్టాలకు ఆ వాసన పోదు. ఆర్డిస్ వాళ్ళ నాన్న ఓరిన్ కొట్టమూ ఇదే వాసన వేసేది. మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు ఆల్డెన్ కొత్త బూట్లు వేసుకుని వెళ్ళాడు. అప్పటికే ఆ చుట్టుపక్కల మొక్కజొన్నకు యంత్రాలొచ్చేశాయి. ఓరిన్ మాత్రం నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టుకునే సాకు పోతుందని, కొంత పంటను ప్రతి శరత్తులోనూ పాత పద్ధతిలో చేతులతోనే ఒలిపించేవాడు. గుట్టగా పోసిన పొత్తుల చుట్టూ కూర్చుని ఆడా మగా పొరలు చీలుస్తున్నారు, చరచరా చప్పుడు. వాళ్ళ అరచేతులకు ఏవో తోలుపట్టీలు కనిపిస్తే చేతి తొడుగులనుకున్నాడు. వట్టి గోళ్ళతో ఒలిచి వేళ్ళు బొబ్బలెక్కించుకుంటే, ‘డెంటిస్టు గారబ్బాయి చేతులు వెన్నముద్దలర్రా, ఎండలో పెట్టకండి, కరిగిపోతాయి’ అన్నాడు ఓరిన్, కొట్టమంతా నవ్వింది. ఎర్ర పొత్తు దొరికినవాళ్ళు తమకు నచ్చినవాళ్ళను ముద్దు పెట్టుకోవచ్చని అక్కడి రివాజు. ఆ మధ్యాహ్నం ఆర్డిస్‌కు దొరికింది. పొద్దుటి నుంచీ ఏప్రన్ కింద దాచుకుందని వాళ్ళ పిన్ని గోల పెట్టింది. పొరల గుట్టలో మోకాళ్ళ దాకా దిగబడుతూ ఆమె అటు నుంచి ఇటు నడిచి వచ్చింది, అందరూ చప్పట్లు కొడుతుంటే. ఊళ్ళో ఆమెంత జోరుగా ఒలిచేవాళ్ళు లేరని పక్కాయన చెవిలో చెప్పాడు. అయ్యుండవచ్చు. ఆల్డెన్ ఆమె ముఖమే చూస్తున్నాడు, చేతులు చూడలేదు.

“తరువాత ఎవరండీ? రండి, పెద్దాయనా.”

మెర్ల్ పుల్లను అందుకుని ఇటూ అటూ తిప్పనైనా లేదు, నవ్వాడు. “మొక్కజొన్న ఒలిచేది. పట్టీలో వేళ్ళు దూర్చి, మొనతో పొర చీల్చి, బొటనవేలితో పట్టి ఒక్క లాగు లాగడమే. మా దగ్గర ఇవి బుట్టెడున్నాయి. ఇది మాత్రం ముచ్చటగా చేశారు, ఆపిల్ చెక్క.”

ఇంతేనా. ఇంత తేలిగ్గానా. అయితే ఆ మధ్యాహ్నం ఇది ఆమె అరచేతిలోనే ఉందన్నమాట. ఎర్ర పొత్తును చీల్చింది ఇదే, ఆ తరువాత బూటు లేసుల ముడుల కోసం సొరుగులో పడి ఉన్నదీ ఇదే. ఓరిన్ చేసి ఇచ్చి ఉంటాడు. ఆల్డెన్ తనకు కలిగింది సంతోషమే అనుకున్నాడు.

“ఎలా తొడుక్కుంటారో చూడండి,” అని మెర్ల్ కుడిచేతి వేళ్ళు పట్టీలోకి దూర్చాడు. కుదరలేదు. తీసి మళ్ళీ దూర్చాడు. మొన మణికట్టు వైపు తిరిగింది. “ఎవరో పట్టీ తిరగేసి కట్టినట్టున్నారే.”

“ఇటియ్యండి, నేను చూస్తా,” అంది డోర్కస్. కుడిచేతిలో కాఫీ కప్పు ఉంది. రెండో చెయ్యి చాపింది. వేళ్ళు పట్టీలోకి జారాయి, చెక్క అరచేతిలో ఒదిగి కూర్చుంది, మొన బొటనవేలి పక్కన సరిగ్గా ముందుకు వచ్చి నిలిచింది. “తిరగేసి కట్టలేదు, ఏం లేదు. ఇది మా పుర్రచేతివాళ్ళది. మీ ఆవిడది ఎడమచేతి వాటమని చెప్పవేం, ఆల్డెన్?”

“కాదు,” అన్నాడు ఆల్డెన్. “ఆర్డిస్ కుడిచేత్తోనే రాసేది.”

“నేనూ రాస్తానుగా కుడిచేత్తో. మన కాలంలో బళ్ళో ఎవర్ని రాయనిచ్చారు దీంతో? మణికట్టుకు రుమాలు వేసి కుర్చీకి కట్టేసేవాళ్ళు నన్ను. మా పెద్దక్క ఇప్పటికీ అంటుంది, నువ్వు కుర్చీతో సహా ఇంటికొచ్చేదానివే అని.” ఆమె నవ్వింది. మెర్ల్ కూడా నవ్వాడు.

రిబ్బన్. ఆపిల్ చెక్కు తీస్తూ, ఏ సంవత్సరమో గుర్తు లేదు, కిటికీ అవతల స్కూలు బస్సు పోతుంటే చూసి, మా మొదటి టీచరు రోజూ నా చేతికి ఎర్ర రిబ్బన్ కట్టేది, క్లాసు మొత్తంలో నాకొక్కదానికే, అంది ఆర్డిస్. పేపరులోంచి తలెత్తకుండా, నువ్వంటే ఆవిడకు అంత ముద్దన్నమాట, అన్నాడతను.  ఆపిల్‌ను ముక్కలు కోస్తూ, అలాగే అయ్యుంటుందిలే, అంది. ఆ మాటతో ఒక తలుపు ఓరగా తీసి పట్టుకుని నిలబడింది ఆమె, అతను దాన్ని ఎంతో ప్రేమగా మూసేశాడు. అనుకోవడం, అక్కడితో వదిలేయడం. గోడ మీది రెండో గొడ్డలి తిరగేసి తగిలించింది కాదు, ఎవడో ఎడమచేతి వాటం మనిషి దాంతో ఒక ఇల్లంతా చెక్కి ఉంటాడు. పెళ్ళికి ముందు తన అమ్మావాళ్ళింట్లో విందు. అందరూ మాంసం కోసుకుని, కత్తి పక్కన పెట్టి, ఫోర్కును ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుని తింటున్నారు, పసిపిల్లలకు సైతం అమ్మలు అలాగే నేర్పుతారు. ఆర్డిస్ మార్చుకోకుండా, ఇంగ్లండువాళ్ళలా, ఎడమచేత్తోనే తినేసింది. ఇంగ్లండు రాణిగారు మన ఇంటికి భోజనానికొచ్చారు చూడండి, అన్నాడతను. అమ్మ నవ్వింది, నాన్న నవ్వాడు, అందరికంటే ఎక్కువ ఆర్డిస్సే నవ్వింది. బాగా పేలిన మాట కదా అని మళ్ళీ ఏడూ అన్నాడు, ఆ తరువాతా అన్నాడు, స్నేహితుల ముందు అన్నాడు. ఎప్పటి నుంచో ఆమె ఫోర్కు మార్చుకోవడం మొదలుపెట్టింది, రాణిగారు సింహాసనం దిగారని దానికీ ఒక హాస్యమాడాడు. ఈ కత్తెర తెగదు అని విసుక్కుంటే తీసుకుని కుడిచేత్తో చక్కగా కోసి చూపించి, కత్తెరకేం, బాగానే ఉంది, అనేవాడు. క్రిస్మస్ కార్డుల మీద పేర్లు రాయబోతే, నీది కోడి గీకుడు, ఇటియ్యి, అని లాక్కునేవాడు, సాయం చేస్తున్నాననుకునే. అన్నీ ముద్దుగా అన్నవే. కోపంగా అని ఉంటే ఆమె తిరిగి ఒక మాట అని ఉండేది. ముద్దుకు ఎవరైనా ఏం బదులు చెబుతారు? వంటింట్లో అటు తిరిగి నిలబడేది, భుజాలు ముందుకు వంచి, అది అతనికి కనిపించకూడదని కాకపోవచ్చు, మణికట్టు మీద ఎప్పుడో పడిన రిబ్బన్ అలా తిప్పి ఉంటుంది ఆమెను. ఓరిన్‌కు మాత్రం తెలుసు. బడి ఒప్పుకోని చేతిని ఆయన ఒప్పుకున్నాడు, దాన్ని కొలిచి, ఆపిల్ కొమ్మ కోసి, ఆ చేతికి తప్ప ఇంకే చేతికీ పట్టని పనిముట్టు చేసి పెట్టాడు. వెన్నముద్దల చేతుల పిల్లవాడికి కూతుర్నిచ్చేటప్పుడు ఆయన ఆ సంగతి ఎందుకు చెప్పలేదో, చెప్పనవసరం లేదు, చూస్తాడులే అనుకున్నాడేమో.

ఆస్పత్రి. అదే వద్దనుకున్నాడు, అదే వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. నర్సు ఒక పలకా మార్కరూ తెచ్చి ఇస్తే ఆర్డిస్ ఎడమచేత్తో అందుకుని, ‘సూప్‌లో ఉప్పు లేదు’ అని రాసింది. గుండ్రంగా, చిన్నపిల్లల రాతలా, ఎక్కడా వంకర లేకుండా. ఆల్డెన్‌కు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎంత తొందరగా నేర్చుకున్నావు ఆర్డిస్, అన్నాడు, వరండాలో పోతున్న నర్సును పిలిచి మరీ చూపించాడు, క్లాసులో తెలివైన పిల్లను మెచ్చుకున్నట్టు మెచ్చుకున్నాడు. ఆమె సగం ముఖంతో నవ్వింది. చాలాసేపు అతన్నే చూసింది. మార్కరు మళ్ళీ ఎత్తి, పలకకు ఆనించి, ఏమీ రాయకుండా దించేసి, ఆ చేత్తోనే అతని చెంప మీద తట్టింది. ఆ చివరి వారాల్లో ఆ చెయ్యి ఊరుకునేది కాదు, దుప్పటి సర్దేది, అతని కాలరు సరిచేసేది, కిటికీ అవతల పిట్టను చూపించేది. పాపం, మిగిలింది ఆ ఒక్క చెయ్యే కదా అనుకున్నాడు. మొదట ఉన్నదే ఆ చెయ్యి. ఎవరూ కట్టేయకుండా, ఎవరూ నవ్వకుండా దానికి ఆ కొన్ని వారాలైనా దొరికాయి. అది దయే. దీన్ని ఎవరి పేర జమ వేయాలో మాత్రం అతనికి తోచలేదు.

“మా బుట్టలో ఎడమచేతిది ఒక్కటీ లేదండీ,” అంటున్నాడు మెర్ల్, ఎంతసేపటి నుంచి అంటున్నాడో. “మీకిష్టమైతే ఇచ్చి వెళ్ళండి. ఆవిడ పేరు రాసి గోడకు పెడతాం.”

డోర్కస్ పుల్లను చేతి నుంచి విడిపించి, తోలుపట్టీని వేలితో సవరించి ఆల్డెన్ అరచేతిలో పెట్టింది. ఇంకా ఆమె చేతి వేడి ఉంది దానికి. గోడ మీద, అందరూ చూసేచోట, చూడగానే తెలిసేచోట. తనకు ఒక కాపురమంతా పట్టినా తెలియనిది దారిన పోయేవాళ్ళకు ఒక్క చూపులో తెలుస్తుంది. న్యాయమే. కాని ఇప్పుడే కదా తెలిసింది.

“భోంచేసి చెబుతాను,” అన్నాడు.

భోజనాల గంట మోగింది. కొట్టం వెనక పొడవాటి బల్లల మీద బెల్లం వేసి ఉడికించిన చిక్కుడు గింజలు, ఆవిరి పట్టిన నల్ల రొట్టె, మందంగా కోసిన పంది మాంసం. డోర్కస్ అతని కుడిపక్కన కూర్చుంది, మెర్ల్ ఎదురుగా. రెండు ముద్దలు తిన్నారో లేదో డోర్కస్ మోచేయి అతని మోచేతికి తగిలింది. మళ్ళీ తగిలింది.

“నీ మోచేతికి నా మీద ఏం పగ, ఆల్డెన్? ఎడమచేత్తో తినేవాళ్ళను బల్ల చివర కూర్చోబెట్టాలని ఎవరూ చెప్పలేదా నీకు?”

ఆర్డిస్ ఎప్పుడూ అతని ఎడమపక్కనే, బల్ల చివరే కూర్చునేది. కిటికీ ఇష్టమనుకున్నాడు.

అతను మాంసం కోసుకున్నాడు. కత్తిని పళ్ళెం అంచున పెట్టాడు. ఫోర్కు ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి అలవాటుగా దాని కోసం వచ్చింది, వచ్చినదాన్ని ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఉంచేశాడు. ఎడమచేత్తో ముక్కను నోటిదాకా తీసుకువెళ్ళడం ఇంత కష్టమని తెలియదు. కుదరని చేత్తో బతకడమంటే ఇదే. రోజుకు మూడుపూటలా, రాసే ప్రతి మాటకూ, కోసే ప్రతి గుడ్డకూ ఇదే. ఆమె అక్షరాలు కోడి గీకుళ్ళలా ఉండక ఎలా ఉంటాయి? చిక్కుడు గింజలు రెండు జారి చొక్కా మీద పడ్డాయి.

మెర్ల్ చూశాడు. “ఏంటండోయ్, ఇవాళ మన బల్ల దగ్గర రాజుగారు భోంచేస్తున్నారు,” అన్నాడు, నలుగురికీ వినిపించేలా. మంచి మనిషి, ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు. బల్ల చుట్టూ నవ్వారు.

ఆల్డెన్ కూడా నవ్వాడు, ఆమె ఎలా నవ్వేదో అలాగే వచ్చింది నవ్వు. “రాజుగారు కాదు, మెర్ల్. మా ఆవిడ ఇలా తినేది. మొదట్లో.”

“తరవాత?”

“తరవాత మానేసింది.”

“ఏం, ఎందుకని?”

“నేను నవ్వాను.”

మెర్ల్ ఫోర్కు పళ్ళెంలోకి దిగింది. డోర్కస్ రొట్టెకు వెన్న రాయడం ఆపి, రాసిన ముక్కను తీసి ఆల్డెన్ పళ్ళెంలో పెట్టింది.

“పుల్ల వసంతంలో తెచ్చిస్తాను,” అన్నాడు ఆల్డెన్. “ఈ చలికాలం ఇంట్లో ఉండనివ్వండి.”

“అలాగే కానివ్వండి. మళ్ళీ సొరుగులోనే పెడతారా?”

“లేదు. బల్ల మీద.”

బయట ఎవరో పిల్లలు ఆకుల గుట్టలో దూకుతున్నారు, ఎండ బల్ల చివరిదాకా వచ్చింది. అతను మళ్ళీ ఫోర్కు ఎత్తాడు, ఎడమచేత్తోనే. మూడో చిక్కుడు గింజ కూడా జారింది, నాలుగోది నోటిదాకా వచ్చింది. పక్కన డోర్కస్ తన ఎడమచేత్తో తన మానాన తను తింటోంది. కొంతసేపటికి అతనికి తెలిసింది, మోచేతులు తగలడం లేదు.